ఎరుపు కనిపించని ఫిల్ము

ఎర్రబల్బు వెలుగులో నరసింహులు ఫిల్మును అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని, చెక్కబద్ద ఆనించి బ్లేడుతో కోస్తున్నాడు. మామూలుగా ఆ పని చేస్తూ ఏదో ఒక కూనిరాగం తీస్తాడు. ఈ పొద్దు పెదవులు బిగబట్టి ఉన్నాడు. పెట్టెలో మిగిలింది ఆ ఒక్క షీటే. నాలుగు ముక్కలు వస్తాయనుకున్నాడు గానీ, చెమట పట్టిన వేలు జారి ఒకదాని మీద గోరు గీసుకుపోయింది. ఎక్స్‌రే ఫిల్ముకు రెండు వైపులా పూత ఉంటుంది. ఎటు గీత పడినా ఆ ముక్క దండగే. ఇంకొక ముక్కకు ఎప్పటి తేమో తగిలి మూలంతా మచ్చలు కట్టి ఉంది. పనికొచ్చేవి రెండే. ఆ రెండింటినీ వెలుతురు చొరబడని చెక్క పలకల్లోకి దోపి, మూతలు సరిగా పడ్డాయో లేదో మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకున్నాడు.

బయటి నుంచి ఎవరో తలుపు తట్టారు.

"నరసింహులూ! సాయంత్రం ఈ గది ఊడదీయడానికి వడ్రంగులు వస్తున్నారు. నీ సామానేమన్నా ఉంటే తీసేసుకో."

డాక్టరు జయచంద్ర గొంతు అది. ధర్మవరంలోని ఆ చిన్న నర్సింగ్ హోమ్‌ను ఆయన తండ్రి కట్టించాడు. కట్టించిన నాడే మెట్ల కింద మిగిలిన చోటికి గోడ లేపి, కిటికీ లేని ఈ చీకటి గది చేయించి, అందులో నరసింహులును పెట్టాడు. అప్పుడు నరసింహులుకు మీసాలు సరిగా మొలవలేదు. ఇప్పుడు అవి నెరిసిపోయాయి. జీవితంలో సగం ఈ ఎర్రబల్బు కింద, ఊరివాళ్ళ పక్కటెముకలు, మోకాటి చిప్పలు ద్రావకాల్లో ముంచి తీయడంతోనే గడిచిపోయింది. వేళ్ళకు పట్టిన పసుపు మరక ఎంత తోమినా పోలేదు. ఎండలోకి వస్తే కళ్ళు చికిలించుకుంటూ, దారి తప్పినవాడిలా కాసేపు నిలబడిపోతాడు.

కంప్యూటరులో బొమ్మ చూపించే ఎక్స్‌రే మిషన్ వచ్చాక గదికీ అతనికీ పని లేకుండా పోయింది. జయచంద్ర తండ్రి, పెద్దడాక్టరు, అతన్ని తీసెయ్యలేదు. చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. గడువు దాటిన ఫిల్ము పెట్టెలు పారేస్తుంటే నరసింహులు అడిగి తీసుకున్నాడు. పాత జెరాక్సు మిషన్‌లోంచి లెన్సు అద్దం ఊడదీసి, పలకలతో కెమెరా పెట్టె చేసి, దానితో బొమ్మలు తీయడం మొదలుపెట్టాడు. ముసలితనంలో ఇదేం పిచ్చి అని భార్య ఉమాదేవి నెత్తి కొట్టుకుంది. ఇన్నేళ్ళు మనుషుల ఎముకలు చూశాను గానీ ముఖాలు చూడలేదని అతను ఆమెకు చెప్పలేకపోయాడు.

"సాయంత్రం దాకా గది నాదే కదా సార్?" అన్నాడు తలుపు తీస్తూ.

జయచంద్ర అతని చేతిలోని పలకల వంక, చంకలోని పెట్టె వంక చూశాడు. "నీదేలే. ఎక్కడికి ఎండలో?"

"మా అక్కకు బాగలేదు సార్. బత్తలపల్లె పక్కన."

ఆ రోజు తెల్లవారగానే మేనల్లుడు తిప్పేష్ ఫోన్ చేశాడు. "మామా, అమ్మ నిన్ను రమ్మంటాంది. ఆ పెట్టె కూడా తెమ్మనింది." అక్క రామలక్ష్మమ్మ నరసింహులుతో మాట్లాడి రెండేళ్ళు దాటింది.

ఆ గొడవకు కారణం ఈ ఫిల్మే. దీనికి ఎరుపు కనిపించదు. అందుకే ఎర్రబల్బు కింద పెట్టి ఎంతసేపు పనిచేసినా చెడదు. అందుకే ఎర్రటి వస్తువేదైనా బొమ్మలో నల్లగా పడుతుంది. ఈ సంగతి నరసింహులుకు ఉమాదేవి బొమ్మ తీసినప్పుడు తెలిసింది. నుదుటి కుంకుమ తారుచుక్కలా వచ్చింది. ఆ తర్వాత ఊరికే చూద్దామని అక్క చేను తీశాడు. ఎర్రటి గరపనేల, అందులో ఎండిన చెనక్కాయ చెట్లు. ఫిల్ము మీద నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా పడుతుంది; దాన్ని ఫోన్‌లో తిరగేసి, కాగితం మీద తీయించి చూస్తే, కంటికి ఆనినంత మేరా నల్లరేగడి! పిల్లవాడిలా సంబరపడి అక్కకు పట్టుకెళ్ళి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. "ఎగతాళి చేస్తాండావా నా మట్టిని?" అని పొయ్యిలో పడేసింది. అంతే. పెళ్ళిలో ఎదురుపడినా మొహం తిప్పుకుంది.

మోపెడ్ మీద వెనక పెట్టెను తాడుతో కట్టుకుని బయలుదేరాడు. రోడ్డుకు అటూ ఇటూ దుక్కి దున్ని వదిలేసిన చేలు వాన కోసం నోరు తెరుచుకుని పడి ఉన్నాయి. దూరంగా గుట్టల మీద గాలిమరలు కదలడం లేదు. గాలి లేకపోవడం మంచిదే అనుకున్నాడు. గాలి ఉంటే చీర కొంగు ఎగిరి బొమ్మ చెదిరిపోతుంది. గుంత వచ్చినప్పుడల్లా చెయ్యి వెనక్కి పెట్టి పెట్టెను పట్టుకున్నాడు.

రామలక్ష్మమ్మ వసారాలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. గుండె బలహీనపడిందని, ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మని ఆసుపత్రివాళ్ళు పంపించేశారు. కాళ్ళు వాచి నున్నగా మెరుస్తున్నాయి. ముఖం మాత్రం పీక్కుపోయి, బుగ్గల్లో గుంటలు పడ్డాయి. తమ్ముణ్ణి చూసి కళ్ళు ఎగరేసింది.

"పెట్టె తెచ్చినావా?"

"తెచ్చినా అక్కా. ఎట్లుండావు?"

"కనపడతాండా కదా. తిప్పేషా, ఎత్తుకో నన్ను. చేన్లోకి పోదాం."

తిప్పేష్ బిక్కమొహం వేశాడు. ముప్పై ఏళ్ళవాడు, మూటలు మోసే భుజాలవాడు, తల్లి ముందు చిన్నపిల్లాడయ్యాడు. "డాక్టర్లు కదలొద్దన్నారు కదమ్మా. మామా, నువ్వన్నా చెప్పు."

"వాళ్ళు చెప్పినట్ల ఇంటే నూరేండ్లు బతుకుతానా? గమ్మునెత్తుకో."

చేను ఇంటి వెనకే. తిప్పేష్ తల్లికి చెప్పులు తొడిగి, రెండు చేతుల మీద మోసుకుపోతుంటే నరసింహులు ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వెనకే నడిచాడు. చేని గట్టు వెంట సిమెంటు స్తంభాలు కుప్పపోసి ఉన్నాయి. సోలారు కంపెనీకి కౌలుకిచ్చేశారు. సోమవారం నుంచి కంచె వేస్తారు. ఆ తర్వాత నేల కనిపించదు, అద్దాలే.

కుర్చీ చేను నడుమ వేశారు. రామలక్ష్మమ్మ చెప్పులు విడిచి, ఉత్త పాదాలు మట్టిలో ఆనించి కూర్చుంది. ఆ కాస్త కదలికకే ఆయాసం వచ్చి, మాట తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఆ పొద్దు మాదిరే వస్తాదా రా?"

"ఏంది?"

"మట్టి. నల్లగా."

నరసింహులు ఆమె వంక చూడలేక పెట్టె కాళ్ళు సర్దుకున్నాడు. "వస్తాదక్కా. దీనికి ఎరుపు కనపడదు."

"అదృష్టం దానిది." ఆమె నవ్వబోయి దగ్గింది. "మీ బావ సచ్చేదాంకా నల్లరేగడి, నల్లరేగడి అని కలవరించినాడు. తాడిపత్రి తట్టు పోయినప్పుడల్లా పిడికెడు మన్ను టవాల్లో కట్టుకొచ్చేటోడు. ఆ బొమ్మ జూస్తానే ఆయప్ప గుర్తొచ్చినాడు. కడుపు మండిపాయ. పొయ్యిలో ఏసినా. ఏసినంక ఎందుకేస్తినా అని ఉండాది. మల్లా అడగడానికి నోరు రాలేదు."

బావ ఎర్రన్న పోయి పదేళ్ళయింది. నరసింహులు నల్లగుడ్డలో తల దూర్చి, పెట్టె వెనకున్న గరుకు గాజు మీద అక్క కోసం వెతికాడు. ఆమె తలకిందులుగా కనిపించింది. పైన నేల, కింద ఖాళీ ఆకాశం, మధ్యలో వేలాడుతున్నట్టు ఎముకల గూడులాంటి మనిషి. ముఖం తేటపడేదాకా అద్దాన్ని జరిపాడు. ఆమె ఛాతీ ఎగసి ఎగసి పడుతోంది.

"అక్కా, ఇది పాతకాలం ఫిల్ము. రవ్వంత సేపు కదలకూడదు. నేను అద్దం మూత తీసినప్పుడు ఊపిరి బిగబట్టాల. పెట్టినంక ఇడువు. అయితాదా?"

"తియ్యి."

మూత తీశాడు. లోపల ఒకటి, రెండు అనుకునేలోపే దగ్గు తెర వచ్చి ఆమె ముందుకు వంగిపోయింది. తిప్పేష్ పరుగున వచ్చి వీపు నిమిరాడు. "చాలు మామా. ఇంట్లోకి తీసకపోతా." మొదటి ముక్క పోయింది. ఉన్నది ఇంకొక్కటే. నరసింహులుకు తిప్పేష్ చెప్పిందే న్యాయం అనిపించింది. పెట్టె మూసేద్దామని వంగాడు.

"ఇంగొగటి లేదా?" అంది రామలక్ష్మమ్మ.

"ఉండాది. ఒగటే."

"పెట్టు మరి. తిప్పేషా, నువ్వు పక్కకు పో."

రెండో పలక దోపాడు. మూత తీశాడు. ఈసారి ఆమె కదల్లేదు. కళ్ళు ఆర్పలేదు. కొంగు కదల్లేదు. చేనంతా ఆమెతోపాటు బిగుసుకుపోయినట్టనిపించింది. మూత పెట్టేశాడు. అయినా ఆమె కదల్లేదు. తెరిచిన కళ్ళు అద్దం మీదే ఉన్నాయి. ఛాతీ లేవడం లేదు.

"అక్కా!"

పెట్టె వదిలేసి పరిగెత్తాడు. అతను భుజం మీద చెయ్యి వేసేసరికి ఆమె పెదవులు కదిలాయి.

"ఇడవొచ్చా ఊపిరి?"

నరసింహులు ఆమె ముందు మట్టిలో కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తనకే తెలియలేదు. రామలక్ష్మమ్మ అతని నెత్తిన చెయ్యి పెట్టి, చిన్నప్పటిలా జుట్టు పట్టి ఊపింది.

"ఈ పొద్దే కడిగి తీసకరా. రేపనొద్దు."

"చీకటి పడకముందే తెస్తా."

తిప్పేష్ తల్లిని మళ్ళీ ఎత్తుకున్నాడు. నరసింహులు మోపెడ్ ఎక్కేదాకా ఆమె కొడుకు భుజం మీంచి అతన్ని చూస్తూనే ఉంది.

అతను నర్సింగ్ హోమ్ చేరేసరికి వడ్రంగులు ముందే వచ్చేశారు. చీకటి గది తలుపు పై బందు ఊడదీసి, కింది బందుకు స్క్రూడ్రైవర్ పెడుతున్నారు. గదిలో ఎన్నడూ లేని పగటి వెలుగు. ట్రేలు, సీసాలు, గోడల మరకలు బట్టలు విప్పిన మనుషుల్లా ఉన్నాయి.

"ఆపండప్పా! ఆపండి!" అని అరిచాడు. ఆ గొంతు విని చీటీల దగ్గర కూర్చున్న రోగులు తలెత్తి చూశారు. నరసింహులు అరవగలడని అక్కడ ఎవరికీ తెలియదు.

జయచంద్ర విసుగ్గా బయటికి వచ్చాడు. "ఏమిటి నరసింహులూ?"

"మా అక్కది సార్. ఈ ఒక్కటి."

డాక్టరు అతని ముఖం చూశాడు. చెమటకు తడిసిన దుమ్ము చారలు చూశాడు. "ఎంతసేపు?"

"పావుగంట."

"తలుపు ఆనించి పట్టుకోండయ్యా," అన్నాడు జయచంద్ర వడ్రంగులతో. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఊడిన తలుపును చట్రానికి చేర్చి వీపులతో అదిమి నిలబడ్డారు.

లోపల నరసింహులు పై సందులో తువ్వాలు కుక్కాడు. ఎర్రబల్బు వేశాడు. ద్రావకం ఎండకు కాగి ఉంది. కుండనీళ్ళు కలిపి, చేతి వెనక భాగంతో వేడి చూసి, ఫిల్మును ట్రేలోకి జార్చాడు. అంచు పట్టుకుని ట్రేను మెల్లగా ఊపసాగాడు. ఆకాశం ముందు నల్లబడింది. ఆ తర్వాత కుర్చీ.

అప్పుడు జేబులో ఫోన్ మోగింది.

తెల్లచొక్కా బట్టలోంచి తెర వెలుగు నీలంగా బయటికి వచ్చింది. ఫిల్ముకు ఎరుపు కనిపించదు గానీ ఆ వెలుగు కనిపిస్తుంది. ఒక్క క్షణం పడితే చాలు, అంతా మసకబారిపోతుంది. నరసింహులు ఎడమచేత్తో జేబును గట్టిగా అదిమి, గోడ వైపు తిరిగిపోయాడు. కుడిచెయ్యి మాత్రం వెనక్కి చాచి ట్రేను ఊపుతూనే ఉంది. ఫోన్ అరిచేతి కింద గుండెలా కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ మోగింది. ఎవరు చేస్తున్నారో చూడనక్కరలేదు. తిప్పేష్ ఊరికే అన్నిసార్లు చెయ్యడు.

"అన్నా, మోగుతాంది నీ ఫోను!" అన్నాడు బయటి నుంచి ఒక వడ్రంగి.

"తెలుసప్పా. తలుపు వదలద్దండి."

మెడ తిప్పి ట్రేలోకి చూశాడు. అక్క ముఖం వస్తోంది. ఎన్నో వేల ఎముకల మీద వంగిన మనిషి ఈ ఒక్క ముఖం మీద వంగలేక, దూరం నుంచే చూశాడు. ఫోన్ మూడోసారి మోగి ఆగింది. ఇక మోగలేదు. ఆ నిశ్శబ్దం అతనికి అర్థమైంది. ఫిల్మును తీసి రెండో ట్రేలో వేశాడు. బొమ్మ నిలబడేదాకా, మిగిలిన పూత కరిగి తేటపడేదాకా, ద్రావకంలో చేతులుంచి అలాగే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు బయటికి తియ్యలేదు.

తలుపు తీయమన్నాడు. నీళ్ళలో కడిగి, ఫిల్మును క్లిప్పుకు తగిలించి, వెలుతురుకు ఎత్తి పట్టాడు. ముఖంలో ఒక్క గీత చెదరలేదు. నేల గాజులా ఖాళీగా ఉంది. తిరగేస్తే అదే నలుపు.

అప్పుడు ఫోన్ చేశాడు.

"మామా," అన్నాడు తిప్పేష్. "నీళ్ళడిగింది. తెచ్చేలోపల పోయింది మామా. మొహం సుకంగానే ఉండాది."

నరసింహులు క్లిప్పును తీగకు తగిలించి బయటికి నడిచాడు. జయచంద్ర ఎదురొచ్చి, సంగతి ముఖంలోనే చదువుకుని, "నేను చూసుకుంటాను, ఎవరూ ముట్టుకోరు. పో," అన్నాడు. వడ్రంగులు సామాను సర్దుకుని ఆ పొద్దుకు వెళ్ళిపోయారు.

ఊరు చేరేసరికి పొద్దు గుట్టల మీదికి దిగింది. ఇంటి ముందు జనం చేరారు. వసారాలో అక్కను నేల మీదికి దించారు. నరసింహులు ఆమె తలాపున కూర్చుని, వచ్చేవాళ్ళకు జరుగుతూ చాలాసేపు ఉన్నాడు. ఎవరో ముసలాయన నిలబడలేక గోడ పట్టుకుంటే, "చేన్లో ఒక కుర్చీ ఉండాది మామా," అన్నాడు తిప్పేష్. తెస్తానని నరసింహులే లేచాడు.

చేను నిమ్మళంగా ఉంది. పొద్దుటి నుంచి లేని గాలి ఇప్పుడు లేచి స్తంభాల కుప్ప మీద దుమ్ము రేపుతోంది. కుర్చీ కాళ్ళు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. రెండు చేతులా పట్టి పెరికితే వచ్చింది. దాన్ని భుజాన వేసుకుని తిరగబోతూ ఆగిపోయాడు. కుర్చీ ముందర, మట్టిలో పాదాలు ఆనించడానికి విడిచి పక్కన పెట్టినవి, రామలక్ష్మమ్మ నీలం రబ్బరు చెప్పులు ఒకదాని పక్కన ఒకటి ఇంటి వైపు తిరిగి ఉన్నాయి, మడమల చోట పల్లం పడి, ఆ పల్లంలో అప్పుడే ఎర్రమన్ను చేరుతూ.