రేకు తీసే చెయ్యి

“అది మంటంటుకోదు కదే? ముందా సంగతి చెప్పు.”

లామినేషన్ మిషనుకి ఇంకా స్విచ్చి వెయ్యలేదు. అసలు ప్లగ్గే పెట్టలేదు. అయినా నేను అడిగేశాను. మా పింకీ తలెత్తకుండానే, “అంటుకోదమ్మా,” అంది.

“కరెంటు కొడితేనో?”

“కొట్టదు.”

“ఆ నల్లపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే...”

“మూతికి గుడ్డ కట్టుకున్నాను కదమ్మా. నువ్వెళ్ళి రేకులు చూసుకో.”

వెళ్ళాను. కానీ మనసు అక్కడే ఉంది. నా సంగతి ముందే చెప్పేయడం మంచిది. పేరు సూరి, ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషిని. ఆటో కాస్త ఒరిగితే కాలవలో పడిపోయామనే అనుకుంటాను. ఫోను ఒకసారి మోగి ఆగిపోతే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. గట్టిగా వచ్చిన పని ఒక్కటే, పూతరేకులు తీయడం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క లాగు. పొరలాంటి రేకు లేచి చేతికొస్తుంది. ముప్పై ఏళ్ళు అదే పని చేశాను. నిరుడు మణికట్టు నొప్పి మొదలయ్యాక కుండ దగ్గర్నుంచి లేచి, రేకులకి నెయ్యి రాసి బెల్లంపొడి చల్లి మడతలు పెట్టే పనిలో కూచున్నాను.

ఆత్రేయపురం పక్కనే మా ఊరు. పదకొండు మంది ఆడవాళ్ళం సంఘం పెట్టుకుని రేకులు చేసి, పెట్టెలకెత్తి రావులపాలెం పంపుతాం. పెట్టె మీద తయారైన తేదీ, స్కానరు చదివే గీతల కోడు లేకపోతే కొట్లవాళ్ళు తీసుకోవడం లేదని, డిప్లొమా చదివొచ్చిన మా పింకీయే ఊరంతా తిరిగి అందర్నీ ఒప్పించి, సంఘం చేత లేబుళ్ళు అచ్చేసే మిషను కొనిపించింది.

ఆ మిషనులో సిరా పొయ్యడం ఉండదు. కాటుక పూసినట్టుండే పల్చటి రిబ్బన్ చుట్ట ఉంటుంది. లోపల హెడ్డు అనేది ఒకటి వేడెక్కి, రిబ్బన్ మీది నలుపుని అక్షరాల మేరకి లేబులుకి అంటిస్తుంది. అక్షరం ఊడిపోయిన చోట రిబ్బన్ అద్దంలా ఖాళీ అయిపోతుంది. చుట్ట అయిపోయాక విప్పి చూస్తే నలుపు చాలావరకు అలాగే ఉంటుంది, అయినా పారెయ్యాల్సిందే.

ఆ పారెయ్యడంతోనే గొడవొచ్చింది. మావాళ్ళు చుట్టలన్నీ కాలవగట్టు మీద పోశారు. గాలికవి విడిపోయి తూములో ఇరుక్కుంటే, పొలాలకి నీళ్ళెక్కడం ఆగిపోయింది. నలుగురు రైతులు సంఘం పెద్ద కామేశ్వరి గారి అరుగు మీదకొచ్చేరు. అందులో ఒకాయన తడి రిబ్బన్ ఎండకేసి పట్టుకుని గట్టిగా చదివాడు. “బెల్లం పూతరేకులు, నేతితో చేసినవి. బావుందండి! మా చేలో మొలిపిస్తారా ఏటండీ ఇవి?”

కామేశ్వరి గారు మాట తక్కువ మనిషి. ఏదైనా అడిగితే వెంటనే పలకరు. చేతిలో పని ముగించి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు చెబుతారు. ఆ రోజూ అంతే. రైతులు వెళ్ళిపోయాక ఎప్పటికో అన్నారు. “మిషను అమ్మేద్దాం. లేబుళ్ళు రావులపాలెంలో అచ్చేయించుకుందాం.”

“అమ్మొద్దు పెద్దమ్మా,” అంది పింకీ. “ఇంక ఒక్క రిబ్బన్ కూడా పారెయ్యను. ఖాళీ అయిన చోట మళ్ళీ నలుపు నింపి వాడతాను.”

“అలా ఎక్కడైనా చేస్తారా?”

“పెద్ద కంపెనీల్లో చేస్తారండి. మనింట్లో నేను చేస్తాను.”

చేసింది. మూలపడేసిన లామినేషన్ మిషను తెచ్చి, వేడి రోలర్లు రెండూ ఉంచి మిగతాదంతా ఊడదీసింది. నల్లటి మైనం పొడి రాజమండ్రి నుంచి తెప్పించింది. వాడేసిన రిబ్బన్ మీద పొడి చల్లడం, గుడ్డతో తుడవడం. ఖాళీల్లో దిగిన పొడి ఉండిపోతుంది, పైది వచ్చేస్తుంది. తర్వాత రోలర్ల మధ్య నుంచి పోనిస్తే మైనం కరిగి రిబ్బన్‌కి అతుక్కుంటుంది. చెప్పుకోవడానికి ఇంతే.

అలా నింపిన మొదటి చుట్టతో అచ్చేసిన లేబుళ్ళు అంటించి నలభై పెట్టెలు పంపాం. నలభైలో పంతొమ్మిది వెనక్కొచ్చాయి. రావులపాలెం కొట్టు గంగబాబు గారు తనే వ్యానులో వేసుకొచ్చి దింపేరు. గీతల మీద ఎక్కడ పడితే అక్కడ చింతపిక్కంత నల్లమరకలు. ఆయన స్కానరు చదవనంది.

కామేశ్వరి గారు ఒక లేబులు గీకి చూసి, “ఈ మైనం ముద్దలు హెడ్డుకి పడితే మిషనే పోతుంది. శనివారం పెట్టెల్లో ఒక్కటి వెనక్కొచ్చినా, మిషను పాడవకముందే అమ్మేస్తాం. ఆ తర్వాత నువ్వు దాన్ని ముట్టుకోవద్దు,” అన్నారు.

“ఆయ్,” అంది పింకీ. ఏడవలేదు. నేనే ఏడ్చాను, వంటింట్లోకి వెళ్ళి.

బుధవారం వేడి తగ్గించి చూసింది. మరకలు. గురువారం పొడిని పట్టుగుడ్డలో జల్లించి చూసింది. మళ్ళీ మరకలే, కాకపోతే ఇంకో చోట. “నా లెక్కలోనే తప్పుందమ్మా. ఎక్కడో తెలియడం లేదు,” అంది. దాని నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. మిషను పోతుందన్న భయం కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ భయం వేసింది.

అన్నానికి పిలుద్దామని వెళ్ళినప్పుడు, పారేసిన లేబులొకటి చేతికి తగిలింది. వెలుతురుకి పట్టి చూశాను. గుండ్రటి మరక. దాని మధ్య నుంచి ఏటవాలుగా సన్నటి తెల్లగీత. ఇంకో లేబులు తీశాను. అదే మరక, అదే గీత.

నా కుడి బొటనవేలి మీద ఓ మచ్చ ఉంది. పెళ్ళైన కొత్తలో కత్తిపీట దిగిన చోటు. ఏటవాలుగా ఉంటుంది.

 రోజుకి పదిసార్లు వస్తూనే ఉన్నాను కదా! పింకీ అటు తిరగ్గానే రిబ్బన్ ముట్టుకుని చూస్తున్నాను, కాలిపోతోందేమోనని. మడతల దగ్గర్నుంచి లేచొచ్చిన చెయ్యి. నేతి చెయ్యి. ఎంత తుడుచుకున్నా చీరకొంగుకి నెయ్యి పోతుందా? ఆ జిడ్డుకి పొడి ముద్దకట్టింది.

మా అత్తగారు నాకు చెప్పిన మొదటి నియమమే అది. రేకు తీసే చెయ్యి నెయ్యి ముట్టదు. నేతి చెయ్యి తగిలిన గుడ్డతో తీస్తే రేకు చిల్లులు పడుతుందని, ఆవిడ కుండ దగ్గరికి నెయ్యి గిన్నెనే రానిచ్చేవారు కాదు. ముప్పై ఏళ్ళు పాటించి, కూతురి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

చెప్పకుండా ఊరుకుందామా అని కూడా అనిపించింది. ఇకమీదట ముట్టుకోకుండా ఉంటే సరిపోతుంది కదా అని. కానీ అది తన లెక్క తప్పనుకుంటోంది.

“పింకీ, తప్పు నీది కాదే,” అని బొటనవేలు, లేబులు పక్కపక్కన పెట్టి చూపించాను.

రెంటినీ మార్చి మార్చి చూసింది. “ఎన్నిసార్లు ముట్టుకున్నావు?”

“తెలీదు.”

“ఎందుకమ్మా?”

“అంటుకుంటుందేమోనని.”

దానికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకిప్పటికీ తెలీదు. మొహం కొంగులో దాచుకుని, “అంటుకుందిలే, జిడ్డు,” అంది.

మర్నాడు పొద్దున్నే కుంకుడుకాయ రసంతో మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నాను. గోళ్ళు తీసుకున్నాను. వేరే చీర కట్టుకున్నాను. వాడేసిన ఇంకో చుట్ట తీయమన్నాను.

“నువ్వు కూచుని చూడమ్మా చాలు.”

“చూశాను. నువ్వు గుడ్డ ముందుకీ వెనక్కీ రుద్దుతున్నావు. దిగిన పొడి కూడా లేచిపోతోంది. గుడ్డ వెనక్కి రాకూడదు. ఒకే లాగు. ఇలా తే.”

లాగాను. రేకు తీసినట్టే, బరువు వెయ్యకుండా, మధ్యలో ఆగకుండా. గుడ్డ దాటిన చోట ఖాళీల్లో నలుపు సమంగా కూచుంది. పింకీ వంగి చూసి, “అమ్మా!” అంది, అంతే. పొడి చల్లడం తనది, లాగడం నాది, రోలర్ల దగ్గర మళ్ళీ తను. మధ్యాహ్నానికి మణికట్టు సలుపు మొదలైంది. గుడ్డపీలిక బిగించి కట్టుకున్నాను. మంట సంగతి, కరెంటు సంగతి ఆ రోజు నేను ఒక్కసారి కూడా అడగలేదని సాయంత్రం అదే గుర్తుచేసింది.

శనివారం వాడపల్లి గుడికి వెళ్ళే జనం రోడ్డెక్కకముందే గంగబాబు గారు వ్యానుతో వచ్చేరు. అరుగు మీద అరవై పెట్టెలు. పదకొండు మందిమీ ఉన్నాం.

“ఏమ్మా పింకీ, ఇవాళ కూడా స్టేషన్లో వేయించినట్టు వేలిముద్రలు వేసి పంపుతున్నారా?”

“ఇవాళ లేవండి బాబాయిగారూ,” అంది పింకీ. “పోయినసారివి మా అమ్మవండి. నేతి చేత్తో రిబ్బన్ ముట్టుకుంది.”

అందరూ నా వైపు తిరిగారు. నాకు అరుగు కిందకి దూరిపోవాలనిపించింది. 

ఆయన స్కానరు తీశారు. కుయ్. కుయ్. ఒక్కో చప్పుడుకీ నా ఊపిరి ఒకసారి ఆడింది. నలభై ఏడో పెట్టె దగ్గర చప్పుడు రాలేదు. మళ్ళీ పెట్టారు. రాలేదు. నేను రెండు చేతులూ జోడించేశాను. పింకీ మాత్రం కదలకుండా నిలబడి, “పెట్టె నిలువుగా తిప్పండి. వెలుతురు మీద పడుతోంది,” అంది. తిప్పారు. కుయ్.

అరవయ్యో పెట్టె కూడా వ్యానెక్కింది. వ్యాను మలుపు తిరిగింది. పింకీ వచ్చి కామేశ్వరి గారి ఎదురుగా నిలబడింది.

“పెద్దమ్మా, మిషను ఉంచమంటారా, అమ్మేయమంటారా?”

ఆవిడ మిగిలిపోయిన లేబులొకటి తీసుకుని ఎండకి పెట్టి చూశారు. వేలు తడిచేసి అక్షరాల మీద రుద్దారు. వేలు చూసుకున్నారు. లేబులు పక్కన పెట్టి, ఒళ్ళోని రేకు తీసుకుని మడతపెట్టడం మొదలెట్టారు. మడత అయింది. ఇంకోటి తీసుకున్నారు.  నా పక్కన నెయ్యి గిన్నె ఉంది. అలవాటుగా అందులోకి పోబోయిన చెయ్యి నేనే వెనక్కి లాక్కున్నాను.

రెండో మడత కూడా ముగించి, ఆవిడ చెయ్యి తుడుచుకున్నారు.

“సూరీ, నెయ్యి దగ్గర్నుంచి లేచి రా,” అన్నారు. “నీ చెయ్యి ఇవాళ్టి నుంచి రిబ్బన్‌ది.”