చప్పిడి పథ్యం

కామావధాని గారికి రోగుల కంటే వాళ్ల ఫిర్యాదులంటేనే విసుగు. మందు పనిచెయ్యలేదని ఎవరు నిలదీసినా ఆయన దగ్గర ఒకటే జవాబు: పథ్యం తప్పారు. ఎంత హాయైన జవాబో! అంతటితో వచ్చినవాళ్లు తలొంచుకుని వెళ్లిపోయేవారు. ఈ మాణిక్యం మాత్రం వెళ్లదే!

ఓడలరేవులో చేపల వేటకు వెళ్లేవాడి పెళ్లాం. మొన్ననే ఉబ్బు రోగంతో మొగుడు పోయాడు. పొద్దుటినుంచీ అవధాని గారి వీధరుగు ముందు ఎండలో నిలబడి ఉంది.

“చప్పిడి పథ్యం పెట్టమన్నాను. నువ్వు కూరలో ఉప్పు వేసి ఉంటావు. ఇప్పుడు నన్నంటే ఏం లాభం?”

“ఎయ్యలేదండి బాబుగారూ. మనిషిని తెచ్చిమ్మనట్లేదండి. మీరన్న మాటకి మా అత్త నన్ను ఇంట్లోంచి గెంటేసింది. మొగుణ్ని సంపుకున్నానంటున్నారండి ఊరంతా. నేను ఉప్పెయ్యలేదని మీరొచ్చి ఒక్క మాట సెప్పండి.”

చూడనిదానికి సాక్ష్యమేమిటని గొణుక్కుంటూనే ఆయన లేచారు. జాలిపడి కాదు, ఆమె అలా నిలబడి ఉండటం చూడలేక.

ఓడలరేవు ఇసుకలో నడిచేసరికి ఆయన కాళ్లు పీకేశాయి. మాణిక్యం అత్త అప్పలమ్మ కోడలి మొహం చూడకుండా, కాళ్లూ మొహం కడుక్కోమని కడవ తెచ్చి దూరంగా పెట్టింది. తమ ఇంటి నీళ్లు బ్రాహ్మడు తాగడని ఆమెకు తెలుసు. మందివ్వడానికి వచ్చినప్పుడల్లా ఆయన ఇంటినుంచి మరచెంబు తెచ్చుకునేవారు.

మొహం మీద చల్లుకున్న నీళ్లు పెదవికి తగిలాయి. ఉప్పగా ఉన్నాయి. చెమటేమోనని తుడుచుకుని మళ్లీ చల్లుకున్నారు. మళ్లీ ఉప్పే.

“ఇవేం నీళ్లు?”

“మా నూతి నీళ్లేనండి. ఉప్పెనొచ్చిన కాణ్ణించీ ఇంతేనండి. ఇయ్యే తాగుతున్నాం, అలవాటైపోయింది, ఆయ్.”

అవధాని గారు దోసిలి నిండా పట్టి అందరూ చూస్తుండగా తాగేశారు. చుట్టుపక్కల గుమ్మాల్లో ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

“నీ కోడలి తప్పేం లేదు. ఉప్పు ఈ నీళ్లలోనే ఉంది.”

అప్పలమ్మ ఉన్నచోటే కూలబడింది. “దాహమన్నప్పుడల్లా నా సేత్తో నేనే తాగించేనండి. అయితే నేనే సంపుకున్నానా, బాబుగారూ?”

అవధాని గారు సిగ్గుతో చచ్చిపోయారు.

“నువ్వు కాదమ్మా. నేను. ఏం తింటాడని అడిగాను గానీ, ఏం తాగుతాడని అడగలేదు.”

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. మాణిక్యం వెళ్లి అత్త పక్కన కూర్చుంది. అవధాని గారు గుమ్మాల వైపు తిరిగారు.

“పథ్యం తప్పారని నేను తిట్టినవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?”

కాసేపటికి ఒక్కొక్కరే గుమ్మాలు దిగి వచ్చారు.