గడప లేని ఇల్లు

ఫరంపేటలో కట్టిన నమూనా ఇంట్లో వీధి నుంచి వంటగది దాకా నేలంతా ఒకే మట్టంగా ఉంది. మనిషి నడకకు ఇల్లు అడ్డు రాకూడదని ఆర్కిటెక్చర్ చదివిన సౌజన్య గట్టిగా నమ్మింది. పేటలో పాత ఇళ్ల స్థానంలో కట్టబోయే ఇళ్లన్నీ అలాగే గీసింది.

ముసలి పోలమ్మ చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ లోపలికెళ్లి, బయటికొచ్చింది. మూడేళ్లుగా ఎవరో ఎత్తితే తప్ప ఇల్లు దాటని మనిషి. సౌజన్యకు కడుపు నిండినట్టయింది.

పోలమ్మ కోడలు బుల్లెమ్మ మాత్రం పాత ఇల్లు వదులుకునే కాగితం మీద సంతకం పెట్టలేదు.

“గడపేదమ్మా?”

“గడపుంటే మీ అత్తగారు ఎలా దాటతారండీ?”

“నిజవే. మరి శుక్రవారం పసుపెక్కడ రాయను? మా పేటలో ఇన్ని గడపలని లెక్కెడతారు గానీ, ఇన్ని తలుపులని ఎవరైనా అంటారా?”

“నా కోసం గడప వదులుకోకే. ఎప్పట్లాగే ఎత్తించుకుంటాలే,” అంది పోలమ్మ.

“నువ్వూరుకో అత్తా! నిన్నెత్తి ఎత్తి నా నడుం పడిపోయింది.”

సౌజన్య గుమ్మం దగ్గర వంగి నేల మీద చెయ్యి పెట్టింది.

“గడప ఎత్తుగానే ఉండాలాండీ?”

బుల్లెమ్మ కూడా ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. “ఎత్తెందుకూ? చెక్క ఉండాలి. లోపలేదో, బయటేదో తెలవాలి. అంతే.”

సౌజన్య ప్లాను విప్పి, గుమ్మం దగ్గర నేలకు సమంగా దింపిన టేకు చెక్క గీసి చూపించింది.

“మా ఒక్కరికేనా?” అంది బుల్లెమ్మ. “అందరికీ గియ్యి. అప్పుడెడతాను సంతకం.”