ఓడినవాళ్లకు ఎండ సీటు

నేను ఒక పేక కట్టను. నా కథ ఒక్క ముక్కలో చెప్పమంటే కుదరదు; పుట్టుకతోనే యాభై రెండు ముక్కలు. మా వైపు మమ్మల్ని పత్తాలంటారు. పేరుకు పత్తాలమే గానీ, నన్ను అచ్చు వేసిన కార్ఖానా పత్తా నాకే తెలియదు. మెట్‌పల్లి బస్టాండు దుకాణంలో కండక్టర్ లచ్చన్న నన్ను కొన్నాడు. నాకు ఊహ తెలిసింది అక్కడి నుంచే.

పదకొండేళ్లు డిపో విశ్రాంతి గదిలో బతికాను. డ్యూటీ దిగాక నలుగురు నా చుట్టూ చేరేవారు: లచ్చన్న, కండక్టర్ రఫియా, ఇద్దరు డ్రైవర్లు. ఓడినవాళ్లకు రెండు శిక్షలు. అందరికీ చాయ్ తాగించాలి. ఇంటికి వెళ్లే మధ్యాహ్నం బస్సులో ఎండ పక్క సీట్లో కూర్చోవాలి. మే నెలలో ఆ సీటు ముందు ఆ చాయే చల్లన. ఒకసారి నా ఇస్పేటు ఏడు ఎక్కడో పడిపోతే, టికెట్ పుస్తకం అట్ట కత్తిరించి, వంకరగా ఏడు రాసి నాలో కలిపేశారు. వెనక నుంచి చూసినా అది ఎవరి చేతిలో ఉందో తెలిసిపోయేది. అయినా తెలియనట్టే ఆడేవారు. మనుషుల నిజాయితీ ఇలాంటి చోట్లే బయటపడుతుంది.

ఒకరోజు పైఆఫీసు వాళ్లనే కలిపి పంచేసింది. నలుగురూ నాలుగు డిపోలకు బదిలీ. జగిత్యాలకు పడిన లచ్చన్న జేబులో నేనూ పడ్డాను. మూడు నెలలకు ఫోన్లు కూడా తగ్గిపోయాయి.

"ఇంకొన్ని దినాలైతే పలకరింపులు గూడ బందైతయి, బిడ్డా" అన్నాడు లచ్చన్న, కూతురు హరిప్రియతో. ఫోన్ ఆటలు తయారుచేసే చిన్న ఆఫీసులో ఆమె ఉద్యోగం.

"మీ నలుగురికి ఆట నేను చేసిస్త బాపూ."

అన్నదంటే చేస్తుంది. అంత పట్టు నాకు చుట్టిన రబ్బరు బ్యాండుకు కూడా లేదు.

ఆట వచ్చిన రోజే పేచీ. బస్సులో ఇంటికి వస్తుంటే కోరుట్ల దాటాక సిగ్నల్ పోయింది. ఆట వదిలేశాడని ఫోన్ లచ్చన్నను ఓడగొట్టింది.

"నేనేడికి లేచిపోయిన? సిగ్నల్ పోతే నేను పోయినట్టా?"

"బాత్రూంకు పోయినోళ్ల కోసం పత్తాలు బోర్లేసి ఆగేటోళ్లం గద" అని రఫియా ఫోన్‌లో గుర్తుచేసింది. హరిప్రియ అదే నియమం పెట్టింది: తప్పిపోయినవాళ్ల కోసం ఐదు నిమిషాలు ముక్కలన్నీ బోర్లా.

అసలు గొడవ చాయ్ దగ్గర వచ్చింది. ఓడినవాళ్ల ఫోన్‌లోంచి గెలిచినవాళ్లకు చాయ్ పైసలు పోవాలంటాడు లచ్చన్న. హరిప్రియ వకీలును అడిగి వచ్చింది. ఫోన్‌లో పందెం కడితే ఆట తయారుచేసినవాళ్ల మీదా ఆడినవాళ్ల మీదా కేసవుతుందన్నాడట.

"చాయ్‌కు జైలా? గిదేం కానూను?"

"చాయ్ చిన్నదే బాపూ, పందెం చిన్నది గాదు. నలుగురి నౌకరీలు పోతయి. ఈ ఆటల పైసలు కట్టే జాగ ఉండది."

"చాయ్ లేని ఆట నేనాడ."

"ఆడకు."

నాలుగు రోజులు ఫోన్ బల్ల మీద బోర్లా, లచ్చన్న మంచం మీద బోర్లా. హరిప్రియ మాత్రం దిగిరాలేదు. ఐదో రోజు రఫియా ఫోన్ చేసింది.

"చాయ్ సంగతి ఇడ్సిపెట్టన్నా. నిన్ను ఎండల కూసోబెట్టక ఎన్ని దినాలైందే! గా సీటు పెట్టియ్యమను."

లచ్చన్నకు నవ్వు ఆగలేదు. హరిప్రియ ఆటలో బస్సు బొమ్మ గీసింది. ఓడినవాళ్ల ఫోటో ఎండ పక్క కిటికీలో, చెమట చుక్కలతో, మళ్లీ ఆట మొదలయ్యేదాకా. ఇస్పేటు ఏడును కూడా అట్ట రంగులో, వంకరగానే గీసింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఆట. నవ్వులన్నీ ఆ ఫోన్‌లోనే. నన్ను ఎవరూ కలపరు. అయినా వాళ్లు కలిశారు, అది చాలు.

నిన్న లచ్చన్న ఓడాడు. ఇంటికి వచ్చే బస్సు సగం ఖాళీ. నీడ పక్క సీట్లన్నీ వదిలి, పోయి ఎండలో కూర్చున్నాడు.

"ఇటు నీడకు జరుగన్నా" అన్నాడు ఆ బస్సు కండక్టర్.

"ఓడిన తమ్మీ" అన్నాడు లచ్చన్న, ఎంతో దర్జాగా.

చొక్కా జేబులో యాభై రెండు ముక్కలమూ వేడెక్కాం, అట్ట ఏడుతో సహా.