రిజిస్టరు గడప దాటదు

మా ఊరి గ్రంథాలయంలో నూట పన్నెండు పుస్తకాలు ఉండేవి. నూట పన్నెండూ అంగడిలోంచి అప్పుడే తెచ్చినట్టు మెరిసేవి. కమలాపురం దగ్గర అంత చిన్న ఊరికి బీరువాతో సహా గ్రంథాలయం రావడమే గొప్ప. వచ్చినదాన్ని అంత శుభ్రంగా ఉంచడం పుల్లయ్య గొప్ప.

పుల్లయ్య దాన్ని చూసుకునే మనిషి. ప్రతి పుస్తకానికీ అట్ట వేసి, అట్టమీద గుడ్డ చుట్టి, బీరువాకు బీగం వేసి, బీగంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. మగవాళ్ళు పొద్దున్నే వచ్చి అరుగుమీద పుల్లయ్య చేత పత్రిక చదివించుకుని, ఐరోపా యుద్ధాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు ముగించి, సేద్యానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరైనా పుస్తకం అడిగితే పుల్లయ్య ముందు చేతులు చూపించమనేవాడు. సేద్యగాడి చేతులు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. అందుకని అడగడమే మానేశారు.

మా అత్తగారు నాగలక్ష్మమ్మ మాత్రం మానలేదు. గ్రంథాలయం గది మా మామగారు ఇచ్చినది కాబట్టి పుల్లయ్య ఆమెను చేతులు చూపించమని అడగలేకపోయాడు. ఆమెకు ఒక్క అక్షరం రాదు. అయినా వారానికొక పుస్తకం తెప్పించేది.

విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, ఒలిచే రోజుల్లో మా పెరట్లో ముప్పైమంది ఆడవాళ్ళు చేరేవారు. వాళ్ళకు విశ్వాసమ్మ చదివి వినిపించేది. ఆమె మిషను బడిలో చదువుకున్న కూలిమనిషి. ఆదివారం ప్రార్థనలో వాక్యం చదివే గొంతు ఆమెదే. పుస్తకానికి మరక అంటితే పుల్లయ్య ఊరుకోడు గనుక చదివే మనిషి కాయ ముట్టకూడదు. మరి ఆమె కూలి? ఒలిచినవాళ్ళు తలా ఒక దోసెడు గింజలు ఆమె చాటలో పోసేవారు. దాన్ని చదువు దోసెడు అనేవారు. సాయంత్రానికి ఆమె చాటే అందరికంటే ముందు నిండేది.

నేను మద్రాసు కాలేజీలో చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. ఒకరోజు నేనూ చదివి చూపించాను. కాయలు ఒలిచేవాళ్ళలో ఒకతె ఈరక్క ఒక పుట వరకు ఓర్చుకుంది.

"చిన్నమ్మా, నువ్వు చదువుతాంటే కోర్టు కాయితం మాదిరి ఉండాది. ఇట్లా వచ్చి కాయలు ఒలువు" అంది.

ఒలిచాను. నాకు ఎవరూ దోసెడు పోయలేదు.

పుస్తకం ఎవరి చేతుల్లోకి పోతోందో పుల్లయ్యకు తెలుసు. తెలియనట్టు ఉండటమూ తెలుసు. రిజిస్టరులో మాత్రం ఏమీ రాసేవాడు కాదు. మగవాళ్ళు తిరగేసే పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లేమిటని ఆయన బాధ.

ఆ ఏడాది కడప నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాదిలో పాతికమంది పాఠకులైనా లేని గ్రంథాలయాన్ని, బీరువాతో సహా, వేరే ఊరికి తరలిస్తారు. తనిఖీకి అధికారి వస్తున్నాడు. పుల్లయ్య వారంపాటు పుస్తకాల దుమ్ము దులిపాడు.

అధికారి వచ్చి రిజిస్టరు తెరిచాడు. నాలుగు పేర్లు ఉన్నాయి. అందులో రెండు పుల్లయ్యవే.

"ఒక్క పుట నలగలేదు సార్, చూడండి" అన్నాడు పుల్లయ్య, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

"అదే చూస్తున్నాను. రేపు బండి పంపిస్తాను" అన్నాడు అధికారి.

సంగతి పెరట్లోకి వచ్చేసరికి విశ్వాసమ్మ చదవడం ఆపింది. కథ సగంలో ఉంది. పుస్తకం మూసి, చాటలోని గింజల వంక చూసి, "అయితే రేపట్నుంచి నేనూ ఒలిచేదే" అని మాత్రం అంది.

అత్తగారు లేచి, ఒళ్ళో పొట్టు దులుపుకుని, అధికారిని పెరట్లోకి పిలుచుకొచ్చింది.

"చదివేటోళ్ళు యాడుండారని అడిగితివంట గదప్పా. ఈడుండారు."

ఆయన ముప్పైమందినీ, చాటలనూ, పొట్టు గుట్టనూ చూశాడు. నవ్వు ఆపుకుంటూ ఈరక్కను అడిగాడు. "ఏం కథమ్మా అది?"

"మంత్రి పెండ్లాం కోట బీగంచెవి తెచ్చి పిండికుండలో దాచినాది సామీ. దాచినాదని రాసినాడు గానీ, ఆ పిండి జల్లించకుండా రొట్టె చేస్తారా? కోడలికి దొరకదా? రాసినాయప్ప ఎప్పుడూ జల్లెడ పట్టినట్టు లేడు."

"కోడలికి దొరుకుతాది. అందుకే రేపు కోట పోతాది" అంది పక్కన కూర్చున్న కృష్ణవేణమ్మ.

"నువ్వూరుకో. ఆ కోడలికి అంత తెలివుంటే మొదట్నే చెప్పుండేది."

అధికారి తువ్వాలుతో ముఖం తుడుచుకుని అక్కడున్న రోలుమీద కూర్చున్నాడు. కాసేపటికి, "ఇంతకీ దొరికిందా?" అన్నాడు.

"పుస్తకం తీసకపోతాండేది మీరే గదా సార్, మీరే చెప్పల్ల" అంది విశ్వాసమ్మ నెమ్మదిగా.

ఆయన రోలుమీంచి లేచి పొట్టు దులుపుకున్నాడు. చివరికి, "రిజిస్టరులో పాఠకుల సంతకమో గుర్తో ఉండాలి. కళ్ళతోనే చదవాలని ఎక్కడా రాయలేదు. రిజిస్టరు తీసుకురండి" అన్నాడు.

పుల్లయ్య కదల్లేదు. "రిజిస్టరు గడప దాటదు సార్. మూడో రూలు. నేనే రాసి గోడకు అంటించినా."

అందరూ విశ్వాసమ్మ వైపు చూశారు. కూలివాళ్ళలో సంతకం చేయగలది ఆమె ఒక్కతే. ఆ గది మెట్లు ఎక్కనిదీ ఊరి బయట ఉండే ఆమె పేటవాళ్ళే. ఎక్కవద్దని గోడమీద రూలేమీ లేదు. రాయకుండానే నడిచే రూలు అది.

ముప్పైమందీ లేచి గ్రంథాలయానికి నడిచారు. అరుగుమీది మగవాళ్ళు పత్రిక మడిచి లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో వాళ్ళకూ తెలిసినట్టు లేదు. విశ్వాసమ్మ కింది మెట్టు దగ్గర ఆగింది.

"ఏం పుల్లయ్యా, రిజిస్టరు బయటికి తెస్తావా, ఆయమ్మను లోపలికి పిలుస్తావా?" అంది అత్తగారు.

పుల్లయ్య గోడమీది రూలు చూశాడు. ఆయన దస్తూరీయే. గుమ్మం దాకా వచ్చి, ఎవరు వచ్చినా అనే మాటే అన్నాడు.

"చేతులు చూపించు."

విశ్వాసమ్మ రెండు చేతులూ చాపింది. నెలరోజులుగా కాయ ముట్టని చేతులు. గోళ్ళ సందుల్లో మట్టి లేదు, వేళ్ళకు పొట్టు మరక లేదు. ఆ ఊళ్ళో అంత శుభ్రమైన చేతులు పుల్లయ్య అప్పటివరకు చూసి ఉండడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూపించింది.

పుల్లయ్య పక్కకు జరిగాడు. "రామ్మా" అన్నాడు. తన కుర్చీ లాగి బల్ల ముందు వేశాడు.

ఆమె కూర్చుని, గుండ్రటి అక్షరాలతో తన పేరు పూర్తిగా రాసింది. పక్కన వృత్తి అనే గడి ఉంది. కూలి అని రాయబోయి ఆగి, 'చదవడం' అని రాసింది.

తర్వాత వేలిముద్రలు మొదలయ్యాయి. పొట్టు దుమ్ము అంటిన వేళ్ళను పుల్లయ్య పుస్తకాల గుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచాడు. అయినా ఆ పుట నిండా మరకలే. ఆయన దాన్ని చింపలేదు. పైన గీత గీసి ఒకవైపు 'చదివినవారు', రెండోవైపు 'విన్నవారు' అని రాశాడు.

నా పేరు ఎటు రాయాలని అడిగాడు. ఈరక్క వెంటనే, "విన్నోళ్ళలో రాయప్పా" అంది.

అక్కడే ఉంది, పదిహేడవది. మర్నాడు బండి రాలేదు.