కడిగిన పలక

మా వాడకు కరెంటు రావాలంటే ముందు సోలార్ దీపం చచ్చిపోయిందని సర్కారు ఒప్పుకోవాలి. అది వెలిగి మూడేండ్లయింది. కంబం మీద ఎండ పట్టే సోలార్ పలకకు మట్టి పట్టింది, కింద డబ్బాలో బ్యాటరీ ఉబ్బి పగిలింది. కాగితాల్లో మాత్రం మాది వెలుగున్న వాడ. వెలుగున్న వాళ్లకు స్తంభాలెందుకని కంగ్టి నుంచి వచ్చిన తీగ మమ్మల్ని దాటి పోయింది.

ఆ చీకట్లోనే పోయిన వానకాలం మా అత్త రిబ్కమ్మ పాము మీద కాలేసింది. నారాయణఖేడ్ దవాఖాన చేరకముందే పోయింది. నాకిద్దరు పిల్లలు. మళ్లీ వానలు దగ్గరపడ్డాయి.

నా మొగుడు లాజరు ఏడాదంతా ఆఫీసు చుట్టూ తిరిగాడు. మొన్న ఒక మెకానిక్ వచ్చి పలకకు మీటరు పెడితే ముల్లు కదల్లేదు. ఇక పెద్దసారొచ్చి, పలక పనికిరాదని, అంటే 'కండెం' అని, రాస్తే చాలు. మలుపులో దింపిన నాలుగు స్తంభాలూ మావే.

సారొచ్చే రోజు పొద్దున పలక వంక చూశాను. పిట్టల రెట్ట, గడ్డకట్టిన మట్టి. నలుగురిలో పరువు పోయేలా ఉంది. చుట్టమొస్తే వాకిలి ఊడ్వమా? పోయినవాళ్లనైనా కడగకుండా సాగనంపుతామా? నిచ్చెనెక్కి కుంకుడు రసంతో రుద్ది రుద్ది కడిగాను. తళతళలాడింది. వాడంతా మెచ్చుకుంది. మెచ్చుకోదూ మరి, దేవుడు బుద్ధి అందరికీ సమానంగా పంచాడు.

మధ్యాహ్నం సారు మీటరు తగిలించాడు. ముల్లు చటుక్కున లేచింది.

"పలక మంచిగనే ఉంది గదా! కండెమని ఎట్ల రాస్త?"

"దీపం వెలుగుతలేదు సారూ," అన్నాడు లాజరు.

"అది బ్యాటరీ కత. కొత్తది రాదు, ఆ స్కీమే బందయింది. నడుస్తున్న పలక సచ్చిందని రాస్తే నా నౌకరి పోతది."

నాకు ఒళ్లు మండింది. రాయి తీశాను. "ఇప్పుడే సంపుత. రాసుకో సారూ!"

"సర్కారు సొమ్ము పలగ్గొడితే నీ మొగుడు జైల్ల ఉంటడమ్మా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. రాయి కింద పడేశాను.

జీపెక్కుతూ నాకొక్కదానికే వినబడేలా అన్నాడు: "గా మట్టి గట్లనే ఉంచితే ముల్లు లేసేదే గాదు."

సాయంత్రం ట్రాక్టరొచ్చి స్తంభాలను నాగల్‌గిద్ద వైపు తీసుకుపోయింది. లాజరు ఖాళీ మలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మొన్న కదలని ముల్లు ఇయ్యాల ఎట్ల లేసిందే?"

కడిగింది నేనని ఆయనకు తెలుసు. కడిగితే లేస్తుందని తెలియదు. గోడకానించిన నిచ్చెనను తీసి ఇంటి వెనక్కి మోసుకుపోయాను.