వెనకాల వచ్చే కారు

పెళ్ళయి ఇరవై మూడేళ్ళయినా నోఖాయాని మొగుడు ఒక్కసారి కూడా టాక్సీ స్టాండు దాకా దిగబెట్టలేదు. ఆమె పిండి బస్తా నెత్తిన పెట్టుకుని వస్తుంటే గేటు తీసేవాడు. అదే పెద్ద ఉపకారం. అలాంటి మనిషి మూడు వారాలుగా పొద్దున్నే అయిదింటికి లేచి, గడ్డం గీసుకుని, పాత కరోలా కారు తుడిచి, పరిగెత్తే ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల వెనకాల లైట్లు టిక్కుటిక్కుమనిపిస్తూ దక్షిణాఫ్రికాలో తాముండే మ్దాంత్సానే అంతా తిరుగుతున్నాడు.

గడ్డం గీసుకోవడం దగ్గరే నోఖాయాకి మండింది.

ఆ పిల్ల పేరు జింత్లే. బాక్సర్. మ్దాంత్సానేలో వీధికో కుళాయి లేకపోయినా వీధికో బాక్సర్ ఉంటారు కాబట్టి అదేం వింత కాదు. వచ్చే శనివారం ఆ పిల్లకి హాల్లో పోటీ ఉంది. స్పానర్ అనే రౌడీ, వాడి వెంట తిరిగే కుర్రాళ్ళు అవతలి అమ్మాయి మీద పందెం కాశారు. నాలుగో రౌండులో పడిపొమ్మని జింత్లేకి కబురు పెట్టారు. పడనంది. అయితే వేళ్ళు విరుస్తామన్నారు. అన్న మాట మీద నిలబడే రకం వాళ్ళు. పోయినేడు ఒకడి వేళ్ళు విరిస్తే వాడింకా ఎడం చేత్తోనే చెంచా పట్టుకుంటున్నాడు.

అప్పుడు జింత్లే కోచ్, ముసలాయన, తిన్నగా నోఖాయా మొగుడు తెంబిలే దగ్గరికి వచ్చి, పోటీ అయ్యేదాకా పిల్లని కనిపెట్టుకుని ఉండమని కూర్చున్నాడు. తెంబిలే ఒకప్పుడు ఏం చేసేవాడో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. టాక్సీ సంఘాలు రూట్ల కోసం కొట్టుకు చచ్చే రోజుల్లో అతను ఒక సంఘంలో పనిచేసేవాడు. అప్పటికి అతనికి డ్రైవింగ్ కూడా రాదు.

పన్నెండేళ్ళ కిందట నోఖాయా పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి "అదో, నేనో తేల్చుకో" అంటే తేల్చుకున్నాడు. తుపాకీ డ్యాములో పడేశాడు. సొంతూళ్ళో పశువుల దొడ్డి దగ్గర మేకని కోశారు. పెద్దలు అతన్ని చేదాకుల నీళ్ళతో కడిగి, ఇంకోసారి మనిషి మీద చెయ్యి లేస్తే పోయిన తాతముత్తాతలు నీకు మొహం చూపించరని చెప్పారు. అప్పట్నించీ పెరట్లో పాలకూర పెంచుకుంటున్నాడు. మాటలు కూడా ఆ మేకతోనే పోయాయని నోఖాయా సరిపెట్టుకుంది.

మరిప్పుడు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

"మాడ్లొమో, ఇంకో గుడ్డు తిను" అన్నాడు తెంబిలే, పరుగయ్యాక వంటింట్లో కూర్చున్న జింత్లేతో.

"చాలు బాబాయి. బరువు చూసుకోవాలి."

"పచ్చసొన తీసేసి ఇస్తా."

ఈ ఇంట్లో గుడ్డుకి పచ్చసొన తీసే ఆచారం ఉందని నోఖాయాకి అదే వినడం. పైగా మాడ్లొమో. ఆ పిల్ల డ్లొమో వంశంలో పుట్టింది కనక ఆ పిలుపు. ఆడదాన్ని పుట్టింటి వంశం పేరు పెట్టి పిలిస్తే ఆమెనీ, ఆమె తండ్రినీ, తాతలనీ కలిపి గౌరవించినట్టు. నోఖాయా భేలేల ఆడపడుచు. మామ్‌భేలే అని పిలవాలి. పెళ్ళయిన కొత్తలో పిలిచేవాడు కూడా. ఆ తర్వాత "ఏమే" అయింది, ఇప్పుడు దగ్గు అయింది. వీధిలోవాళ్ళకైతే ఆమె గ్వీన్యా అమ్మ. పులిసిన పిండి ఉండల్ని నూనెలో వేయించి, మధ్యకి చీల్చి లివర్ పెట్టి కిటికీలోంచి అమ్మే మనిషికి ఇంకో పేరెందుకు?

"పిన్నీ, నీ గ్వీన్యాల వాసనకే రెండు కేజీలు పెరిగేట్టున్నాను" అంది జింత్లే.

"అయితే బయట కూర్చో" అంది నోఖాయా.

ఆ పిల్ల నవ్వేసింది. నవ్వుతుంది మరి, గుడ్లు ఒలిచి పెడుతుంటే. తర్వాత అడిగింది, "బాబాయి, అందరూ భయపడ్డారు కదా. నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

తెంబిలే పెంకులన్నీ ఒక పక్కకి చేర్చాడు. "నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా ఫలానావాడు బతక్కూడదని చెప్పడానికే వచ్చేవాళ్ళు. ఫలానా మనిషి బతకాలని వచ్చింది మీ కోచ్ ఒక్కడే."

పొయ్యి మీద ఆరు గ్వీన్యాలు మాడిపోయాయి. ఇరవై మూడేళ్ళలో తనతో ఆడిన మాటలన్నీ కలిపి తూచినా ఆ ఒక్క మాటంత బరువుండవు. ఆ మాట ఆమె విన్నది కూడా పక్కనుండి.

అక్కడితో ఆగిందా? ఆ మధ్యాహ్నం ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. తన కోసం చంపడం మానేశాడు, నిజమే. ఆ పిల్ల కోసం మళ్ళీ మొదలుపెడితే? మానెయ్యడం ఎక్కువా, మొదలుపెట్టడం ఎక్కువా? ఎంత లెక్కేసినా ఆ పిల్లకే ఎక్కువ పడుతోంది. కలుపు తీస్తానని చెప్పి, తుపాకీ ఏమైనా పాతిపెట్టాడేమోనని పారతో పెరడంతా తవ్వింది. తుపాకీ లేదు, పాలకూర పోయింది.

గురువారం పొద్దున మొదటి వాయి తీస్తుండగా కిటికీ దగ్గరికి స్పానర్ వచ్చాడు. ఏడాదిగా వస్తున్నవాడే. రౌడీలైతే మాత్రం ఆకలెయ్యదా అనుకుని ఆమె అమ్ముతుంది, ఎవరి ఊరూ వంశమూ అడగదు.

"డజను కట్టు, గ్వీన్యా అమ్మా. ముసలాయన కనపడ్డం లేదేం?"

"ఆయనకి తీరికెక్కడిది? రాణీగారు పరిగెడుతుంటే పల్లకీ వెనకాల పోవద్దూ?" నోఖాయా పొంగు ఎవరో ఒకరి ముందు దింపుకోవాలి. "ఆ డొక్కు కారు వంతెన దగ్గరికి పోయేసరికి రోజూ వేడెక్కుతుంది. బానెట్ ఎత్తి పావుగంట నీళ్ళు పోసుకుంటూ నిలబడతాడు. ఆవిడ ఆగుతుందా? ముందుకి పోతుంది. ఈయన మళ్ళీ వెనకాల. నా పిండి బస్తాకి మాత్రం ఏనాడూ..."

"ఏ వంతెన?"

"రైలు వంతెన. మనకింకెన్ని ఉన్నాయేమిటి?"

కాగితంలో పొట్లం కట్టి ఇటు తిరిగేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు. వేడి గ్వీన్యాలు వదిలేసి పోయిన మగవాణ్ణి నోఖాయా ఆ ఊళ్ళో ఇంతవరకు చూడలేదు.

ఒక్క క్షణం పట్టింది. పొయ్యి కట్టేసి, చెప్పులు కూడా సరిగా దూర్చుకోకుండా, చర్చి వెనక అడ్డదారిన పరిగెత్తింది. వంతెన కనపడ్డాక గానీ చేతిలో జల్లిగరిటె ఉన్న సంగతి తెలియలేదు.

కారు బానెట్ పైకెత్తి ఉంది, ఆవిరి వస్తోంది. కాస్త ముందు జింత్లే గోడకి వీపు ఆనించి పిడికిళ్ళు ఎత్తి నిలబడింది. ఎదురుగా స్పానర్, ఇంకో ఇద్దరు, ఒకడి చేతిలో ఇనప పైపు. వాళ్ళ వైపు తెంబిలే నడిచి వెళ్తున్నాడు, కారు జాకీ రాడ్డు పట్టుకుని. తొందర లేదు, చేతులు ఊగడం లేదు. పన్నెండేళ్ళుగా చూడని నడక.

నోఖాయా మొగుణ్ణి దాటుకుని పోయి వాళ్ళకీ అతనికీ మధ్య నిలబడింది.

"ఆ రాడ్డు లేచిందంటే అంత మేకా దండగ" అంది, వెనక్కి తిరక్కుండా.

"పక్కకి జరుగు, గ్వీన్యా అమ్మా" అన్నాడు స్పానర్. "నీ చేతి తిండి తిన్నాం. నీతో మాకు పేచీ లేదు."

"నాకుంది."

వాడు పైపు అందుకున్నాడు. అప్పుడు వెనకనుంచి తెంబిలే గొంతు వచ్చింది. దగ్గు కాదు.

"మామ్‌భేలే, వెనక్కి రా."

అంతటి గొడవలోనూ ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. స్పానర్ పైపు మాత్రం సగంలో ఆగింది.

"ఏమని పిలిచాడు నిన్ను?"

"విన్నావుగా. భేలే, ఖుబోని, క్వుంటా" అని పుట్టింటి తాతల పేర్లు అప్పజెప్పింది నోఖాయా. "నువ్వెవరివి? స్పానర్ అని చెప్పకు. ఆ పేరు నీకు మీ అమ్మ పెట్టలేదు."

అబద్ధం చెప్పొచ్చు. కానీ వంశం దగ్గర అబద్ధమాడే ధైర్యం అక్కడ దొంగలకి కూడా ఉండదు. పోయినవాళ్ళు వింటుంటారు. స్పానర్ చెప్పులు చూసుకున్నాడు.

"భేలే" అన్నాడు, బడిలో హాజరు పలికినట్టు.

వాడి వెనక ఇద్దరూ రెండడుగులు వెనక్కి జరిగారు. వాళ్ళకి అర్థమైపోయింది.

"అయితే నేను నీకేమవుతాను?"

"...మేనత్తవి."

"గట్టిగా చెప్పు, వీళ్ళు విన్లేదు."

"మేనత్తవి."

ఒకే వంశంలో పుడితే చాలు, ముక్కూమొహం తెలియకపోయినా ఆవిడ తండ్రి తోబుట్టువే. తండ్రి కూడా నోరెత్తడు ఆవిడ ముందు. ఆవిడ మీద చెయ్యెత్తినవాడి పెళ్ళికీ చావుకీ కూడా మనుషులు రారు.

"ఏడాదిగా కిటికీ దగ్గర నిలబడి మేనత్తని గ్వీన్యా అమ్మా అన్నావన్నమాట."

"తెలీదత్తా. నువ్వెప్పుడూ అడగలేదు."

"ఆ పిల్ల నా ఇంట్లో తింటోంది. ఆ పిల్ల వేలు విరిస్తే ఎవరి వేలు విరిచినట్టు?"

"పందెం కాశానత్తా."

"ఓడిపో. శనివారం ముందు వరసలో నా పక్కన కూర్చో. ఆ పిల్ల కొట్టినప్పుడల్లా చప్పట్లు కొట్టాలి." గరిటెతో వీధి వైపు చూపించింది. "నీ డజను చల్లారిపోయాయి. పోయి తీసుకో."

వాళ్ళు పోయారు. పైపు స్పానర్ చేతిలో గొడుగులా వేలాడింది.

జింత్లే పిడికిళ్ళు దించి ఊపిరి పీల్చుకుంది. తెంబిలే రాడ్డు కారులో పెట్టి, నిదానంగా వచ్చి నిలబడ్డాడు. "ఇక్కడ కారు ఆగుతుందని వాళ్ళకెవరు చెప్పారు?"

"నేనే."

జింత్లే వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది. అది కట్టే ఉంది.

"ఎందుకు?"

నోఖాయా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. మూడు వారాలుగా వరస పెట్టి ఉంచుకుంది. తీరా నోటికొచ్చింది ఒకటే. "గడ్డం గీసుకున్నావు."

తెంబిలే చెంప తడుముకున్నాడు. చాలాసేపు తడుముకున్నాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు. తర్వాత బానెట్ మూసి, కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కు, మామ్‌భేలే."

"ఎక్కను" అంది ఆమె. ఎక్కితే అయిదు నిమిషాల్లో ఇల్లొచ్చేస్తుంది.

గరిటె భుజాన పెట్టుకుని నడక మొదలుపెట్టింది. వెనకాల ఇంజను దగ్గి లేచింది. టిక్కుటిక్కుమని లైట్లు వినపడ్డాయి.

"నేను పరుగు పూర్తి చెయ్యాలి కదా బాబాయి" అంటోంది జింత్లే.

"ఇవాళ్టికి కూర్చో. ముందు ఆవిడ."

అడ్డదారి ఉంది. నోఖాయా అటు చూడనైనా లేదు. టాక్సీ స్టాండు చుట్టూ తిరిగి, అందరూ నిలబడి చూసే దారిన, అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. ఉల్లిపాయలమ్మే ఆవిడ కేకేసింది, "ఏమ్మా, కారు చెడిపోయిందా?"

"లేదు, దిగబెడుతున్నాడు."

నాలుగడుగులు వేశాక మెడ తిప్పి ఒకసారి చూసింది. ముందు సీట్లో మొగుడి పక్కన జింత్లే, కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది.

"ఆ పిల్లని వెనక సీట్లో కూర్చోమను" అంది నోఖాయా, మళ్ళీ ముందుకి తిరిగి.